ట్రూ క్రైమ్ డాక్యుమెంటరీలు: ఏవి చూడాలి, ఎలా చూడాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

విశాఖ జిల్లా కోర్టు దగ్గర ఇరవై రెండేళ్లుగా టైపింగ్ చేస్తున్నాను. పిటిషన్లు, అఫిడవిట్లు, చార్జిషీట్ నకళ్లు, రోజంతా ఇవే. ఇంటికొచ్చి మళ్లీ నేరాల డాక్యుమెంటరీ పెడితే మా ఆయన "నీకు విసుగు రాదా తల్లీ" అంటారు. రాదు. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఆరేడుగురం ఆదివారం సాయంత్రాలు కలిసి చూస్తాం. కొత్తగా వచ్చినవాళ్లు, కోర్టు ముందు టీ బండి దగ్గర కనిపించే జూనియర్ లాయర్లు, అమెరికా నుంచి ఫోన్ చేసే మా ఆడపడుచు, అందరూ తిప్పితిప్పి ఇవే అడుగుతున్నారు. ఇక చెప్పలేక రాసి పెట్టేస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

ట్రూ క్రైమ్ అంటే మన టీవీలో వచ్చిన 'నేరాలు ఘోరాలు' లాంటిదేనా?

కాదు. అందులో నటులు చేసి చూపిస్తారు, వెనక నుంచి ఒక గొంతు భయపెడుతుంది. డాక్యుమెంటరీలో అసలు మనుషులే కూర్చుని మాట్లాడతారు: కేసు చూసిన ఎస్ఐ, పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్, చనిపోయినవాళ్ల అక్క, పక్కింటివాళ్లు. అసలు ఫొటోలు, అసలు కాగితాలు కనిపిస్తాయి. 'ఢిల్లీ క్రైమ్' లాంటివి నిజం కేసు మీద తీసినా డ్రామాలే. అవి బాగుంటాయి కానీ ఎక్కడ కేసు అయిపోయి ఎక్కడ కథ మొదలైందో మనకి తెలియదు.

నాకు భయం ఎక్కువ, రక్తం చూడలేను. నేను చూడగలిగేవి ఉన్నాయా?

ఉన్నాయి. మోసాల మీద తీసినవి చూడండి. 'ది టిండర్ స్విండ్లర్' (2022) ఒక్క సినిమా అంత ఉంటుంది. వజ్రాల వ్యాపారి కొడుకునని చెప్పుకుని, ప్రైవేట్ విమానాలు ఎక్కించి, ఆ తర్వాత "నా ప్రాణాలకి ముప్పు ఉంది, డబ్బు పంపు" అని ఆడవాళ్ల చేత అప్పులు చేయించిన మనిషి కథ. చుక్క రక్తం ఉండదు, టెన్షన్ మాత్రం బోలెడు. మా పక్కింటి పిన్ని ఇది చూసిన వారానికే, పోలీసులమంటూ వచ్చిన వీడియో కాల్‌ని మొహం మీదే కట్ చేసింది. అలాంటి కాల్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు. అందరం కలిసి చూసేది చెప్పండి.

'ది హంట్ ఫర్ వీరప్పన్' (2023, నాలుగు భాగాలు). 2000 జులైలో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ని ఎత్తుకెళ్లి 108 రోజులు అడవిలో ఉంచుకున్న సంగతి పెద్దవాళ్లందరికీ గుర్తే. మా అత్తగారు టీవీకంటే ముందే కథ చెప్పేశారు, ఒక్క ఆ పేరు తప్ప ఏదీ సరిగ్గా చెప్పలేదనుకోండి. పదో తరగతి లోపు పిల్లల్ని మాత్రం దీనికైనా కూర్చోబెట్టకండి. వాళ్ల ప్రొఫైల్‌కి వయసు పరిమితి పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టుకుంటే మీరు లేనప్పుడు వాళ్లు తెరవలేరు.

తెలుగులో వస్తాయా?

కొన్నిటికి డబ్బింగ్ ఉంటుంది, చాలావాటికి ఉండదు. ప్లే చేశాక ఆడియో గుర్తు నొక్కి చూస్తే తెలిసిపోతుంది. నా మాట వింటే డబ్బింగ్ ఉన్నా అసలు భాషలోనే పెట్టి సబ్‌టైటిల్స్ చదవండి. కొడుకు పోయిన తల్లి మలయాళంలో ఆగి ఆగి చెప్పే మాటకి స్టూడియోలో వేరే గొంతు తగిలిస్తే అది వార్తలు చదివినట్టే ఉంటుంది.

ఫోన్ డేటాతో చూస్తే ఎంత అవుతుంది?

నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం మామూలు క్వాలిటీలో గంటకి 0.7 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా. అంటే ముప్పావు గంట చొప్పున మూడు భాగాల సిరీస్ మామూలుగా అయితే ఒకటిన్నర జీబీతో అయిపోతుంది, హెచ్‌డీలో ఆరు దాటుతుంది. స్టీల్ ప్లాంట్‌లో చేసే మా తమ్ముడు ఇంట్లో వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని బస్సులో చూస్తాడు. రాత్రి సి షిఫ్ట్‌కి వెళ్తూ చూడొద్దని చెప్పాను, వినడు.

## ఏది ముందు చూడాలి

ఒక్కటే చూడమంటే ఏది చెబుతారు?

'కర్రీ అండ్ సైనైడ్: ది జాలీ జోసెఫ్ కేస్' (2023). గంటన్నరలో అయిపోతుంది. కేరళలోని కోళికోడ్ జిల్లా కూడత్తాయిలో 2002 నుంచి 2016 వరకు ఒకే కుటుంబం చుట్టూ ఆరుగురు చనిపోయారు. ముందు జాలీ అత్తగారు, తర్వాత మామగారు, ఆ తర్వాత భర్త... ఎవరికీ అనుమానం రాలేదు. గుండెపోటు అన్నారు, ఇంకేదో అన్నారు. భర్తకి మాత్రం పోస్ట్‌మార్టం జరిగింది, సైనైడ్ బయటపడింది, ఆత్మహత్య అనుకుని ఫైలు మూసేశారు. 2019 అక్టోబర్‌లో సమాధులు తవ్వి, కోడలిని అరెస్ట్ చేశారు.

నన్ను పట్టుకున్నది సైనైడ్ కాదు. కాలికట్ ఎన్ఐటీలో లెక్చరర్‌నని చెప్పి ఆవిడ ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే తయారై, బ్యాగ్ తగిలించుకుని ఇంట్లోంచి వెళ్లేది. అక్కడ ఆవిడకి ఉద్యోగమే లేదు. ఇంట్లో ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండి ఒక్కరూ వెళ్లి చూడలేదు. ఆ భాగం వచ్చినప్పుడు మా హాల్లో ఎవరూ మాట్లాడలేదు. డాక్యుమెంటరీ వచ్చేనాటికి కేసు ఇంకా విచారణలోనే ఉంది, అది గుర్తు పెట్టుకుని చూడండి.

బురారీ చూడమని అందరూ అంటున్నారు. మరీ భయంగా ఉంటుందా?

దెయ్యాల భయం కాదు, వేరే రకం. 2018 జులై 1 పొద్దున ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో మూడు తరాల వాళ్లు పదకొండు మంది చనిపోయి కనిపించారు. 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్: ది బురారీ డెత్స్' (2021) మూడు భాగాలు. మొదటి భాగంలో మీడియా గోల, చేతబడి పుకార్లు వస్తాయి. రెండో భాగం నుంచి ఆ ఇంట్లో దొరికిన పదకొండు డైరీల్లోకి తీసుకెళ్తారు. చనిపోయిన తండ్రి తనలోకి వచ్చి మాట్లాడుతున్నాడని ఒక కొడుకు నమ్మాడు, ఇంటిల్లిపాదీ అతన్ని నమ్మారు.

పూనకం మనకి కొత్త కాదు. అందుకే ఢిల్లీ వాళ్లకంటే మనకే ఇది ఎక్కువ అర్థమవుతుందని నా అభిప్రాయం. ఒంటరిగా ఉన్న రోజు, మనసు బాగోలేని రోజు పెట్టకండి. మీకుగానీ మీవాళ్లకిగానీ చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే దీన్ని పక్కన పెట్టి, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

వీరప్పన్ కథ తెలిసిందే కదా, నాలుగు భాగాలు ఎందుకు చూడాలి?

మనకి తెలిసింది మీసాలు, గంధపు చెక్కలు, ఏనుగులు. ఇందులో అతని భార్య ముత్తులక్ష్మి మాట్లాడుతుంది, వేటాడిన అధికారులూ మాట్లాడతారు, మధ్యలో నలిగిపోయిన ఊళ్లవాళ్లూ మాట్లాడతారు. మూడో రకం మాటల కోసమే చూడాలి. వీరప్పన్‌కి అన్నం పెట్టారని పోలీసులు కొట్టారు, పోలీసులకి చెప్పారని వీరప్పన్ చంపాడు. 2004 అక్టోబర్ 18 రాత్రి అంబులెన్స్ లాంటి బండిలో ఎక్కించి ఎలా ముగించారో చివరి భాగంలో ఉంటుంది.

కోర్టులు ఎలా నడుస్తాయో చూపించేవి కావాలి.

ఇది నా ఫేవరెట్ సబ్జెక్ట్, కాస్త ఎక్కువే రాస్తాను.

'ది స్టెయిర్‌కేస్' చూడండి. 2001 డిసెంబర్‌లో అమెరికాలోని నార్త్ కెరొలినాలో ఒక రచయిత భార్య మెట్ల కింద రక్తపు మడుగులో కనిపించింది. జారిపడిందని ఆయన అంటాడు, చంపాడని ప్రాసిక్యూషన్ అంటుంది. ఫ్రెంచ్ దర్శకుడు డిఫెన్స్ (నిందితుడి తరఫు) లాయర్ల గదిలోనే కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. ఏ సాక్షిని ఎలా అడగాలి, ఏ ఫొటో జ్యూరీ (దోషా కాదా అని తేల్చే మామూలు పౌరులు) కంట పడకూడదు, వీటన్నిటి మీదా రిహార్సల్స్ జరుగుతుంటాయి. 2003లో శిక్ష పడింది. రక్తపు మరకల నిపుణుడు తప్పుదారి పట్టించాడని తేలి 2011లో ఆ తీర్పు పోయింది. 2017లో, తప్పు ఒప్పుకోకుండానే శిక్షకి ఒప్పుకునే ఒక విచిత్రమైన పద్ధతిలో కేసు ముగిసింది. ఇంకో సంగతి: ఈ సిరీస్ ఎడిటర్‌కి, ఆ నిందితుడికి మధ్య ప్రేమ వ్యవహారం నడిచింది. చూశాక ఇది తెలిసి మళ్లీ మొదటి నుంచి చూశాను.

మన దేశంలోది కావాలంటే 'ఇండియన్ ప్రెడేటర్: మర్డర్ ఇన్ ఎ కోర్ట్‌రూమ్' (2022). 2004 ఆగస్టు 13న నాగపూర్ జిల్లా కోర్టులో, కోర్టు గదిలోనే, అక్కూ యాదవ్ అనే రౌడీని కస్తూర్బా నగర్ ఆడవాళ్లు చంపేశారు. అంతకుముందు ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా అతను బెయిల్ మీద తిరిగొచ్చేవాడు. కోర్టు వరండాలో రోజంతా కూర్చునే మనిషిగా చెబుతున్నాను, ఆ మొదటి పది నిమిషాలు నాకు ఊపిరాడలేదు.

పాత ఇంగ్లీష్ డాక్యుమెంటరీలు ఇప్పుడు చూడగలమా?

'ది థిన్ బ్లూ లైన్' (1988) ఒక్కటి తప్పకుండా చూడండి. 1976లో డాలస్‌లో ఒక పోలీసు హత్య, దానికి ర్యాండల్ ఆడమ్స్ అనే మనిషికి శిక్ష. దర్శకుడు ఎరల్ మోరిస్ ఒక్కో సాక్షి చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ మళ్లీ తీసి చూపిస్తాడు. ఒకసారి కారు ఒకలా, ఇంకోసారి ఇంకోలా. చనిపోయిన పోలీసుతో డ్యూటీలో ఉన్న లేడీ కానిస్టేబుల్ చేతిలోని మిల్క్‌షేక్ కప్పు గాల్లోకి ఎగిరి నెమ్మదిగా రోడ్డు మీద పడుతుంది. అసలు ఆవిడ ఆ క్షణంలో కారు దిగిందా, లోపలే కూర్చుందా అన్న అనుమానమంతా ఆ కప్పులో పెట్టాడు. ఈ సినిమా వల్ల కేసు తిరగబడి 1989లో ఆడమ్స్ జైలు నుంచి బయటికొచ్చాడు.

ఎవరూ మాట్లాడకుండా, వ్యాఖ్యానం లేకుండా ఉండేది ఏదైనా ఉందా?

'అమెరికన్ మర్డర్: ది ఫ్యామిలీ నెక్స్ట్ డోర్' (2020). మొత్తం పోలీసు బాడీ కెమెరా, ఫోన్ మెసేజ్‌లు, కనిపించకుండా పోయిన ఆవిడ ఫేస్‌బుక్ వీడియోలతోనే అల్లారు. భార్యా పిల్లలు కనిపించడం లేదన్న భర్తని పోలీసు పక్కింటికి తీసుకెళ్తాడు. ఆ ఇంటాయన టీవీలో సీసీటీవీ పెడతాడు. భర్త తల మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ కదులుతూనే ఉంటాడు. అతను వెళ్లగానే పక్కింటాయన పోలీసుతో, ఈ మనిషి ఎప్పుడూ ఇలా ఉండడని చెబుతాడు. ఇందులో చిన్నపిల్లలు ఉన్నారు. తల్లులు ఆలోచించి పెట్టుకోండి.

తెలుగువాళ్ల కేసుల మీద ఏమీ లేవా?

తక్కువే. 'బ్యాడ్ బాయ్ బిలియనీర్స్: ఇండియా'లో సత్యం రామలింగరాజు మీద ఒక భాగం తీశారు. హైదరాబాద్ సివిల్ కోర్టు ఆపమనడంతో 2020 అక్టోబర్‌లో విజయ్ మాల్యా, నీరవ్ మోదీ, సుబ్రతా రాయ్‌ల మూడు భాగాలే విడుదలయ్యాయి. 2009 జనవరి 7న సత్యం లెక్కలు తప్పని రామలింగరాజే ఉత్తరం రాసిన రోజు మా కోర్టు దగ్గర కూడా షేర్లు కొన్న లాయర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు.

కొన్ని చూస్తుంటే సాగదీసినట్టు ఉంది. నాకే అలా అనిపిస్తోందా?

మీకే కాదు. ఒక భాగంలో చెప్పేదాన్ని నాలుగు చేసినవి బోలెడున్నాయి. ఖాళీ కారిడార్‌లో లైటు మిణుకు మిణుకుమనడం, డ్రోన్‌తో ఊరిని పైనుంచి చూపించడం పది నిమిషాల్లో మూడుసార్లు వస్తే నేను ఆపేస్తాను. హంతకుడి బాల్యం గంటసేపు చూపించి, చనిపోయినవాళ్లని ఒక్క ఫొటోతో సరిపెట్టేవాటిని కూడా అంతే.

## చూస్తున్నప్పుడు

చూపించేదంతా నిజమేనని నమ్మొచ్చా?

చూపించింది నిజమే కావచ్చు, చూపించిన వరస మాత్రం ఎడిటర్‌ది. 'ది జింక్స్' (2015) చివర్లో, హత్యలు చేశాడన్న అనుమానం ఉన్న అమెరికా కోటీశ్వరుడు రాబర్ట్ డర్స్ట్ ఇంటర్వ్యూ అయ్యాక బాత్రూమ్‌కి వెళ్తాడు. మైకు తీయడం మర్చిపోతాడు. లోపల తనలో తాను గొణుక్కుంటూ, అందరినీ తానే చంపానన్నట్టు ఒక మాట అంటాడు. ప్రపంచమంతా అదిరిపోయింది. చివరి భాగం వచ్చే ముందురోజే, 2015 మార్చి 14న, అతన్ని అరెస్ట్ చేశారు. తర్వాత కోర్టుకి వచ్చిన పూర్తి రాతప్రతి చూస్తే ఆ మాటల వరస వేరు. మధ్యలో ఉన్న వాక్యాలు తీసేసి, ముందువి వెనక్కి జరిపి అతికించారు. 2021లో వేరే సాక్ష్యాలతో అతనికి శిక్ష పడింది కాబట్టి ఫలితం మారలేదు. అయినా నాలాంటి టైపిస్టు స్టేట్‌మెంట్‌లో రెండు లైన్లు అటూ ఇటూ చేస్తే ఉద్యోగం ఊడుతుంది.

'మేకింగ్ ఎ మర్డరర్' (2015) మీద కూడా ఇదే గొడవ. స్టీవెన్ ఎవరీ అనే అతను చేయని నేరానికి 18 ఏళ్లు జైల్లో ఉన్న మాట నిజం. బయటికొచ్చాక పడిన రెండో కేసులో, హత్య కేసులో మాత్రం అతనికి వ్యతిరేకంగా ఉన్న కొన్ని సాక్ష్యాలు సిరీస్‌లో లేవు. డిఫెన్స్ వాదన విన్నట్టు వినండి. అవతలి వకీలు ఇంకా లేవలేదు.

నిందితుడే కూర్చుని మాట్లాడుతుంటే జాలి వేస్తోంది. ఇదేం న్యాయం?

'డ్యాన్సింగ్ ఆన్ ది గ్రేవ్' (2023) చూసి మా హాల్లో పెద్ద గొడవే జరిగింది. బెంగళూరులో 1991లో మాయమైన ఒక సంపన్న కుటుంబం ఆవిడ శవం మూడేళ్ల తర్వాత, 1994లో, ఆవిడ ఇంటి ఆవరణలోనే దొరికింది. శిక్ష పడిన భర్త శ్రద్ధానంద జైల్లోంచి మాట్లాడతాడు. బాగా మాట్లాడతాడు. 2008లో సుప్రీంకోర్టు అతని ఉరిశిక్షని జీవితాంతం జైలుగా మార్చింది. ఫోన్‌లో మా ఆడపడుచు "పాపం ముసలాడు" అంది. అందుకు పక్కింటి పిన్ని "ఆవిడ ముసలిదయ్యే దాకా బతకనిచ్చాడేటి?" అంది. ఆ మాట తర్వాత నేను చెప్పేది ఏమీ మిగల్లేదు.

పోలీసుల ముందు ఒప్పుకున్నాడు కదా, ఇంకా విచారణ ఎందుకు?

మన చట్టంలో పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఇది 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23. కొట్టి ఒప్పించే అవకాశం ఉందని బ్రిటిష్ వాళ్లకే తెలుసు మరి. నిందితుడు చెప్పిన చోట కత్తి దొరికితే మాత్రం, ఆ కత్తికి సంబంధించినంత వరకు మాట చెల్లుతుంది. అప్పుడు ఇద్దరు మధ్యవర్తుల్ని, ఎక్కువగా వీఆర్వోల్ని, పిలిచి మధ్యవర్తుల రిపోర్టు రాస్తారు. ఆ ఇద్దరూ ఐదేళ్ల తర్వాత బోనెక్కి "సార్, సంతకం పెట్టమంటే పెట్టాను" అంటే కేసు అక్కడితో సగం పోయినట్టే.

నార్కో టెస్ట్ చేస్తే తేలిపోదా?

తేలదు. మనిషి ఒప్పుకోకుండా నార్కో (మందు ఇచ్చి మత్తులో ప్రశ్నలు అడగడం), పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) చేయకూడదని 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. దాని వల్ల వస్తువేదైనా దొరికితే అప్పుడు లెక్క.

అమెరికావాటిలో జ్యూరీ ఉంటుంది, మనకెందుకు లేదు?

ఒకప్పుడు ఉండేది. 1959లో బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి తన భార్య ప్రియుణ్ని కాల్చాడు. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని పక్కనపెట్టి శిక్ష వేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక జ్యూరీయే లేదు. మనది నేవీ ఊరు కాబట్టి ఈ కేసు చెబితే ఎవరో ఒక రిటైర్డ్ అంకుల్ గంటసేపు మాట్లాడతారు.

## చూసేశాక

చూశాక నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

రాత్రి తొమ్మిది దాటాక కొత్త భాగం మొదలుపెట్టకండి. తర్వాతి భాగం దానంతట అదే ప్లే అవకుండా సెట్టింగ్స్‌లో ఆపేయండి. మేము ఒక సాయంత్రం రెండు భాగాలకి మించి చూడం, తర్వాత కిందకి దిగి పది నిమిషాలు నడుస్తాం. వారం గడిచినా గుండెదడ తగ్గకపోతే కొన్నాళ్లు మానేయండి, డాక్టర్‌కి చూపించుకోండి.

ఆ కేసు ఇప్పుడు ఏమైందో ఎక్కడ తెలుస్తుంది?

మన దేశంలో కేసైతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ చూడండి, డబ్బు కట్టక్కర్లేదు. ప్రతి కేసుకీ ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబర్ తెలిస్తే వెంటనే వస్తుంది. లేకపోతే జిల్లా, కోర్టు, పార్టీ పేరుతో వెతకొచ్చు. సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పులు పూర్తిగా చదవొచ్చు. ఓపిక ఉంటే చదవండి, డాక్యుమెంటరీ వదిలేసిన సగం అందులో దొరుకుతుంది.

చనిపోయినవాళ్ల కష్టం మనం వినోదంగా చూడటం తప్పు కాదా?

నాకూ ఈ పీకులాట ఉంది. 'టు కిల్ ఎ టైగర్' చూశాక కొంచెం తేరుకున్నాను. ఝార్ఖండ్‌లో పదమూడేళ్ల కూతురిపై ముగ్గురు అత్యాచారం చేస్తే, వాళ్లలో ఒకడికిచ్చి పెళ్లి చేసి సర్దుకోమని ఊరు చెప్పింది. తండ్రి వినలేదు, కోర్టుకి వెళ్లాడు. ఆ అమ్మాయి మేజరయ్యాక తన ముఖం దాచొద్దని తనే నిర్ణయించుకుంది. 2024 ఆస్కార్‌కి నామినేట్ అయింది. ఎవరి కథో వాళ్లే చెప్పుకుంటున్నప్పుడు నేను ప్రేక్షకురాలిగా కాదు, ఊరి పంచాయితీలో మా నాన్న పక్కన కూర్చున్నట్టు విన్నాను.

వైజాగ్‌లో జరిగిన ఒక కేసు మీద మేమే యూట్యూబ్ వీడియో చేద్దామనుకుంటున్నాం. చేయొచ్చా?

చేయొచ్చు, జాగ్రత్తగా. అత్యాచార బాధితుల పేరు, ఇల్లు, ముఖం, చదివే కాలేజీ ఏదీ చెప్పకూడదు, అది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో ఇంకా కఠినం. ఎఫ్ఐఆర్ దొరికింది కదా అని అందులో ఉన్నది తీర్పులా చదవకండి, అది ఫిర్యాదు మాత్రమే. శిక్ష పడే దాకా 'నిందితుడు' అనండి, 'హంతకుడు' అనకండి. ముందు చనిపోయినవాళ్ల ఇంటికి కెమెరా లేకుండా ఒకసారి వెళ్లి రండి. మాట్లాడం అంటే తిరిగొచ్చేయండి.

మీ ఆదివారం బృందంలో మేమూ చేరొచ్చా?

కుర్చీలు ఆరే, ఏడో మనిషి నుంచి చాప. వచ్చే ఆదివారం 'ది స్టెయిర్‌కేస్' మొదటి రెండు భాగాలు, ఆరున్నరకి మొదలు. చివరేమవుతుందో ముందే చదివొచ్చి చెప్పేవాళ్లకి ప్రవేశం లేదు. బీచ్ రోడ్డు నుంచి మురీ మిక్స్చర్ తెచ్చినవాళ్లకి కుర్చీ ఇస్తాం.